సాలూరు చిన గురువు

బేగంబజారులో ఇత్తడి కొట్ల సందులో నిలబడితే మాట వినబడదు. బిందెల మోత, తోపుడు బండ్లవాళ్ల కేకలు, మార్వాడీ బేరాలు, ఉర్దూ తగాదాలు, మధ్య మధ్య మన తెలుగు గొణుగుళ్లు. రెండో నిజాముగారి బేగం హందా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో ఈ బజారు వెలిసిందని చెప్పుకుంటారు. అప్పటినుంచి యిక్కడ నోరు పెద్దది చేసుకోనివాడికి బేరం కుదరలేదు కాబోలు! అటువంటి చోట కూడా, కార్తీకమాసం వచ్చిందంటే, గుడి మైకులోంచి ఘంటసాల భగవద్గీత వినబడుతుంది. అది మొదలైతే ఉస్మాన్‌గంజ్ మూటలు మోసే కూలీ దగ్గరనుంచి గల్లాపెట్టె ముందు కూర్చున్న సేట్‌జీ వరకు ఎవరి గొంతో గుర్తుపట్టని వాళ్లుండరు. తెలుగు రాని వాళ్లకు కూడా ఆ పేరు వచ్చు.

ఆ గొంతును తయారుచేసిన వారి పేరేమిటని అడగండి. తెలుగు మాతృభాషగా గల వాళ్లే తెల్లబోతారు. నేను కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. మా విద్యార్థులను ఏటా ఒకసారి అడుగుతూ వుంటాను. ఎవరో ఒకరు ద్వారం వెంకటస్వామినాయుడుగారని అంటారు. అది సగం నిజం. అసలు జవాబు పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరులో ఆయన తండ్రి నరసింహశాస్త్రిగారు సంగీతం చెప్పేవారు గనుక ఆయన పెద గురువు, ఈయన చిన గురువు అయ్యారు. పేరుకంటే ఆ బిరుదే లోకంలో ఎక్కువ వాడుక.

సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో వుంది. అప్పుడు విశాఖపట్నం జిల్లా. ఒడిషా కొండలకు వెళ్లే దారిలో చిన్న ఊరు. ఆ ప్రాంతపు నీళ్లలో ఏముందోగాని, సాలూరి రాజేశ్వరరావు పుట్టిన శివరామపురం కూడా ఆ చుట్టుపక్కలదే. సీతారామశాస్త్రి 1900లో పుట్టారు. తండ్రి దగ్గర పాట నేర్చుకొని, కచేరీలు చేసి, పద్యాలు కృతులు రాసి, చివరకు విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలలో గాత్ర పండితులుగా కుదురుకున్నారు.

ఆ కళాశాల సంగతి కొంచెం చెప్పుకోవాలి. మన దేశంలో సంగీతం చెప్పడానికి ప్రభువులు డబ్బు ఇవ్వడం కొత్త కాదు. కాని అది విద్వాంసుడికి ఇచ్చే డబ్బు. ఆస్థానంలో వుంచుకొని, శాలువా కప్పి, ఆయన దయ తలిచి ఎవరికి చెబితే వాళ్లకు చెప్పడం. పుట్టుక, చుట్టరికం, శుశ్రూష - ఈ మూడు ద్వారాల్లోంచి తప్ప లోపలికి దారి లేదు. విజయనగరంలో ఆ పద్ధతి మారడానికి కారణం ఒక గుడ్డి కుర్రవాడు. సంస్థానంలో ఉద్యోగి చాగంటి జోగారావుగారి కొడుకు గంగరాజుకు చూపు లేదు. సంగీతం మీద మాత్రం ప్రాణం. ఆ కుర్రవాడు ఎక్కడ నేర్చుకోవాలన్న ప్రశ్న విజయరామ గజపతిరాజుగారి ముందుకు వచ్చింది. మరొకరైతే ఇంటికి ఒక పంతులుగారిని పంపి ఊరుకునేవారు. ఆయన ఏకంగా కళాశాల పెట్టారు. 1919 ఫిబ్రవరి 5న అది మొదలైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారంవారు విద్యార్థిగా చేరదామని వస్తే, ఈయనకు చెప్పేదేముంది, ఈయనే చెప్పాలి అని ఆచార్యుణ్ణి చేశారన్న కథ ఆ రోజులదే. 1936లో దాసుగారి తరువాత ద్వారంవారే ప్రిన్సిపాలు అయ్యారు.

అటువంటి మహామహుల నీడలో సీతారామశాస్త్రిగారు పనిచేశారు. దాసుగారి గజ్జెల మోత, ద్వారంవారి కమాను దేశమంతా ఎరిగినవి. శాస్త్రిగారిది కేవలం పంతులు ఉద్యోగం. జీతం చాలదు, ఇల్లు నిండా పిల్లలు. ఇటువంటి ఉపాధ్యాయులు ప్రతి కళాశాలలోనూ వుంటారు. సభల్లో ముందు వరుస కుర్చీ వాళ్లది కాదు. చూడబోతే పిల్లలకు విద్య అబ్బేది వాళ్ల దగ్గరే!

1930ల చివరలో కృష్ణాజిల్లా చౌటపల్లి నుంచి ఒక కుర్రవాడు విజయనగరం రైలు దిగాడు. తండ్రి సూరయ్యగారు పిల్లవాణ్ణి భుజాన ఎక్కించుకొని తరంగాలు పాడేవాడు, పిల్లవాడు వాటికి నాట్యం చేసేవాడు. ఆ తండ్రి పోయాడు. మేనమామ పిచ్చిరామయ్యగారి పోషణలో పెరుగుతూ, సంగీతం నేర్చుకు తీరాలన్న పట్టుదలతో, వేలికి వున్న నలభై రూపాయల ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకే అమ్మి బయలుదేరాడని ఘంటసాల జీవితం రాసిన వాళ్లందరూ చెబుతారు. నలభై రూపాయల వస్తువు ఎనిమిదికి పోయిందంటే ఆ కొన్నవాడు బేగంబజారులో రాణించవలసినవాడే!

తీరా వస్తే వేసవి సెలవులు. కళాశాల మూసి వుంది. ఆవరణలోనే పడుకోవడానికి అనుమతి దొరికింది. భోజనానికి వారాలు కుదిరాయి. ఈ వారాలంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పవలసి వస్తున్నది. చదువుకునే పేద పిల్లవాడికి సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో అన్నం. ఏడు ఇళ్లు కుదిరితే వారం గడిచింది. ఆరే కుదిరితే ఒకరోజు నీళ్లు. మన దేశంలో ప్రభుత్వ హాస్టళ్లు పుట్టకముందు ఎందరో పండితులు, వకీళ్లు, డాక్టర్లు ఇలాగే చదువుకున్నారు. అన్నం పెట్టిన ఇల్లాళ్ల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. ఒక్క చిక్కు మాత్రం వుంది - పిల్లవాడి మీద ఒక నింద పడితే ఏడు తలుపులూ ఒకేసారి మూసుకుంటాయి. ఆ కుర్రవాడికి జరిగిందదే. తోటివాళ్లు చేసిన తప్పు అతని నెత్తిన పడింది. కళాశాలలో చోటు పోయింది. ఆ మాట విని వారాలిచ్చినవాళ్లు ఇక రావద్దన్నారు. పోయి పోయి ఊళ్లోని అమ్మవారి గుడిలో తలదాచుకున్నాడు.

అక్కడికి సీతారామశాస్త్రిగారు వచ్చారు. విషయం తెలుసుకున్నారు. మా యింటికి రా, పాట చెబుతానన్నారు. డబ్బు అడగలేదు.

ఇక్కడ నేను ఒక్క క్షణం ఆగుతాను. ధనవంతుడు పదిమందికి అన్నం పెట్టడం మంచిపనే. కాని సంగీతం పంతులుకు అమ్ముకోవడానికి వున్నది ఒక్కటే సరుకు - తన పూట. పొద్దున్న గంట, సాయంత్రం గంట. కాస్త కలిగినవారి యింటికి వెళ్లి ఆ గంటలో వాళ్ల అమ్మాయికి రెండు కృతులు చెబితే నెలకు ఇన్ని రూపాయలు వస్తాయి. బియ్యం కొట్టు బాకీ తీరుతుంది. ఆ గంటను నిందపడిన పరాయి ఊరి కుర్రవాడికి ఊరికే ఇవ్వడమంటే తన పిల్లల నోటిదగ్గరిది తీసి ఇవ్వడమే. శాస్త్రిగారికి అది తెలియదా? తెలుసు. కాబట్టే ఆయన చదువు ఇచ్చారు గాని తిండి ఇవ్వలేకపోయారు. ఇంట్లో లేదు, ఏం చేస్తారు?

అన్నానికి ఒక సాధువు దారి చూపించాడట. జోలె కట్టి మాధుకరం చెయ్యమన్నాడు. తుమ్మెద పువ్వు పువ్వుకూ తిరిగి కొంచెం కొంచెం తేనె తెచ్చుకున్నట్టు, ఇంటింటా పిడికెడు. శాస్త్రంలో బ్రహ్మచారికి అది ధర్మమే గాని, పదిహేనేళ్ల పిల్లవాడికి వీధిలో జోలె పట్టుకొని నిలబడటం ఎంత కష్టమో శాస్త్రం రాసినవాళ్లు ఎరుగరు. రెండు పూటలకు సరిపడా తెచ్చుకొని, మిగిలింది గుడ్డలో మూటగడితే చీమలు పట్టేవట. మేనమామకు ఉత్తరం రాసి, డబ్బు తెప్పించుకొని ఒక డబ్బా కొనుక్కున్నాడు. తరవాతి రోజుల్లో లక్షలమంది చప్పట్లు విన్న మనిషి, విజయనగరంలో కొనుక్కున్న ఆస్తి ఆ డబ్బా!

శాస్త్రిగారి శిక్షణ మాత్రం జాలితో చెప్పినట్టు వుండేది కాదట, చాలా కఠినం. సంగీతం ఎరగని పాఠకుల కోసం రెండు మాటలు. మన పద్ధతిలో పాట మొదలుపెట్టగానే పాట రాదు. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు - ఇవన్నీ దాటిన తరువాతే కృతి. మొదటి పాఠాలన్నీ మాయామాళవగౌళ రాగంలో వుంటాయి. ఆ ఏర్పాటు పురందరదాసుదని సంప్రదాయం. ఆ రాగమే ఎందుకంటే, అందులో స్వరాలు జంటలు జంటలుగా దగ్గరగా వుంటాయి. సరి, గమ, పద, నిస - ప్రతి జంటకూ మధ్య ఎడం చాలా తక్కువ. జంట దాటగానే ఎడం పెద్దది. దగ్గరి మెట్టు, దూరపు మెట్టు రెండూ గొంతుకు అలవాటవుతాయి. క్రింది సగం ఎలా వుంటే పైసగం అలాగే వుంటుంది గనుక పసివాడికి దారి తప్పదు. దీన్ని మూడు కాలాల్లో, అకారంతో, తెల్లవారుజామున, రోజూ పాడాలి. వినేవాళ్లకు విసుగు, పాడేవాడికి అంతకంటే విసుగు. పంతులుగారికో? జీవితమంతా ఆ సరిగమలే! ప్రతి ఏడూ కొత్త పిల్లలు, ప్రతి ఏడూ అదే తప్పు, అదే దిద్దుబాటు. ఇంత విసుగును దాచుకొని కూర్చోగలగడమే ఉపాధ్యాయత్వం అని నేను అనుకుంటాను. గణాలూ సంధులూ చెప్పుకునే నాకు ఈ సంగతి కొంత తెలుసు. నాలుగేళ్ల చదువును ఆ కుర్రవాడు రెండేళ్లలో పూర్తిచేశాడంటారు. కుర్రవాడి ఘనత ఎంతో, కూర్చోబెట్టి చెప్పిన ఆయన ఓపిక అంత.

శాస్త్రిగారిలో ఇంకో విశేషం వుంది. ఆయన హార్మోనియం తానే వాయించుకుంటూ పాడేవారు. కర్ణాటక సంగీతపు పెద్దలకు అది గిట్టదు. హార్మోనియంలో ప్రతి స్వరానికీ ఒక మెట్టు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఏమీ లేదు. మన గమకమంతా ఆ మధ్యలోనే వుంది. అందుచేత అది మన సంగీతానికి పనికిరాదని వాదం. వాదం బలమైనదే. అది ఎంతవరకు వెళ్లిందంటే 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని గడపలోకి రానివ్వలేదు. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. శాస్త్రిగారు నిండు వయస్సులో వున్న కాలమంతా రేడియో తలుపు ఆ పెట్టెకు మూసే వుందన్నమాట.

మా నాంపల్లిలో ఈ తగాదా చెబితే నవ్విపోతారు. యూసుఫైన్ దర్గాలో ఖవ్వాలీ పాడేవాళ్ల ముందు హార్మోనియం లేకపోతే కచేరీయే లేదు. మన నాటకాల్లోనూ అంతే. సురభివాళ్ల రంగస్థలం మీద తెర లేవాలంటే హార్మోనీ శ్రుతి పలకాలి. వ్రేళ్లు మెట్ల మీద వుంటే వుండనీ, గమకం గొంతులో పలికించవచ్చునని శాస్త్రిగారు పాడి చూపించారు. పెట్టె చేసేది శ్రుతి పట్టుకోవడం, పాట మనిషిది. ఆ ధైర్యం ఆయన శిష్యుడికి సినిమాలో ఎంత అక్కరకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

పద్యం సంగతి మాత్రం చెప్పాలి. అది నా వృత్తికి సంబంధించినది. వెనకటి నాటకాల్లో పద్యమంటే మాట కొంచెం, రాగం బారెడు. చివరి అక్షరం పట్టుకొని నటుడు రాగం తీస్తుంటే ప్రేక్షకులు వన్స్‌మోర్ కొట్టేవారు. పద్యంలో ఏముందో ఎవరికీ పట్టేది కాదు. ఘంటసాల కరుణశ్రీ పుష్పవిలాపం పాడితే ప్రతి మాటా విడివిడిగా వినబడుతుంది. సమాసం ఎక్కడ విరవాలో అక్కడే విరుగుతుంది, ఊపిరి అర్థం దగ్గర ఆగుతుంది, రాగం మాటను మింగదు. పద్యం చదవడానికి భయపడే పిల్లలకు నేను ముందు దాన్ని వినిపిస్తాను. తరువాత పుస్తకం తెరుస్తాను. సీతారామశాస్త్రిగారు స్వయంగా కవి. సాహిత్యం నలిగిపోతే ఓర్చుకునే మనిషి కాదని ఆయన శిష్యుడి పాట వింటేనే తెలుస్తుంది.

శిష్యుడి కథ అందరికీ తెలిసినదే. విజయనగరం నుంచి సొంత ఊరు చేరాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి అలీపురం జైలుకు పోయాడు. సముద్రాల రాఘవాచార్యులగారి చలవతో మద్రాసు చేరాడు. 1945లో ‘స్వర్గసీమ’లో భానుమతితో గొంతు కలిపాడు. తరువాత ‘పాతాళభైరవి’, ‘దేవదాసు’, 1957లో ‘మాయాబజార్’. ఆ 1957లోనే సీతారామశాస్త్రిగారు కన్నుమూశారు.

1970లో ఘంటసాలకు మన హైదరాబాదులో, ఆబిడ్స్‌కు కూతవేటు దూరంలోని లాల్‌బహదూర్ స్టేడియంలో రజతోత్సవం చేశారు. పాతవాళ్లకు అది ఫతేమైదాను. నేను అప్పటికి పుట్టలేదు. బేగంబజారునుంచి జనం నడుచుకుంటూ వెళ్లారని మా నాన్నగారు చెప్పేవారు. ఆ ఏడే పద్మశ్రీ కూడా వచ్చింది. చూడటానికి గురువుగారు లేరు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య మా పేటకు దగ్గరలో ఒక ప్రైవేటు బడికి బహుమతులివ్వడానికి పిలిస్తే వెళ్లాను. టైంటేబులు గోడకు అంటించి వుంది. శుక్రవారం ఆఖరు పీరియడు ‘సంగీతం’. పంతులమ్మ ఎవరండీ అని అడిగాను. “ఎవరూ లేరు సార్, ఆ పీరియడు లెక్కలకిస్తాం” అన్నారు హెడ్మాస్టరుగారు, ఏమాత్రం మొహమాటం లేకుండా. ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు. తల్లిదండ్రులు అడిగేవి మార్కులు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక పదో తరగతి వరకు కళలను తప్పనిసరి చెయ్యమన్నది. 2020 నాటి విద్యావిధానం కూడా కళలను పక్కకు నెట్టవద్దన్నది. కాగితం మీద సంగీతానికి లోటు లేదు! పంతులుకే లోటు. పీరియడు ఇచ్చి పంతుల్ని ఇవ్వకపోవడం, పొయ్యి వెలిగించి బియ్యం పొయ్యకపోవడం వంటిది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, హైదరాబాదులో నేర్చుకోదలచినవాడికి చోటు లేకపోలేదు. ఆబిడ్స్ దాటి రాంకోటికి వెళితే 1952లో పెట్టిన ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల వుంది, త్యాగరాజస్వామి పేరు మీద. అక్కడ కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లల పక్క గదిలోనే హిందూస్తానీ నేర్చుకునేవాళ్లుంటారు. ఈ ఊరికి అది సహజం. పండిత్ మోతీరాం 1934లో ఈ ఊళ్లోనే చనిపోయారు, ఆయన కొడుకు జస్రాజ్ యిక్కడి వీధుల్లో బడికి నడిచినవాడు; తండ్రి పేరున, తనకు పాట చెప్పిన అన్న మణిరాం పేరున ఏటా ఇక్కడికే వచ్చి సంగీతోత్సవం జరిపించాడు. బడే గులాం అలీఖాన్ 1968లో బషీర్‌బాగ్‌లో తుదిశ్వాస విడిచాడు. ఇంత సంగీతం నడిచిన నేల మీద మూడో తరగతి పిల్లవాడికి స అంటే ఏమిటో చెప్పే మనిషి కావాలి. వేదిక మీద వెలిగే విద్వాంసుడు అక్కరలేదు. రోజూ వచ్చి అవే సరళీస్వరాలు చెప్పే చిన గురువులు కావాలి. వాళ్లకు నెల నెలా జీతం కావాలి.

కొందరంటారు, ఘంటసాల అంతటివాడు ఎక్కడున్నా పైకి వచ్చేవాడే, గురువుదేముంది అని. నేను ఒప్పుకోను. గుడిలో ఆ రాత్రి ఆకలితో పడుకున్న కుర్రవాడు మర్నాడు చౌటపల్లి రైలెక్కి వుంటే ఊళ్లో పెళ్లిళ్లకు పాడుకుంటూ వుండిపోయేవాడేమో. అటువంటి గొంతులు ఎన్ని రైళ్లెక్కి తిరిగి వెళ్లిపోయాయో లెక్క ఎవరు రాశారు? రెండో మాట కూడా వుంది. శాస్త్రిగారు ఇంకా ఎందరికో చెప్పారు. వాళ్లలో ఎక్కువమంది ఘంటసాలలు కాలేదు. అంతమాత్రాన వాళ్లకు చెప్పిన గంటలు వృథా అంటామా? సాయంకాలం వీధి అరుగు మీద కూర్చొని శ్రుతి తప్పకుండా పాడుకోగలగడం తక్కువ వరమా?

గురుదక్షిణ సంగతి. సీతారామశాస్త్రిగారి పెద్దబ్బాయి సంగీతరావుగారు 1920లో పుట్టారు. విజయనగరంలో జోలెతో తిరిగే రోజుల్లో ఘంటసాలకు ఇంచుమించు ఈడువారు. ఘంటసాల మద్రాసులో నిలదొక్కుకున్న తరువాత గురుపుత్రుణ్ణి పిలిపించుకొని సంగీతంలో తనకు సహాయకుడిగా పక్కన కూర్చోబెట్టుకున్నారు. తండ్రి వాయించినట్టే కొడుకూ హార్మోనియం వాయించారు. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయేదాకా ఆ జంట విడిపోలేదు. ఆ తరువాత వెంపటి చినసత్యంగారి కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతరావుగారు స్వరాలు కూర్చారు. 2021 జూన్‌లో, నూరేళ్లు నిండాక, చెన్నైలో వెళ్లిపోయారు.